పదమూడేళ్ల డీజిల్ కారు కొనొచ్చా? అమ్మని నెలకి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి

గుణుపురం_లెక్కల_మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురం, రాయగడ జిల్లా. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. అమ్మకి కిడ్నీ సమస్య ఉంది, నెలకి రెండుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్లాలి. రైలు ఉంది కానీ దాని టైమూ డాక్టరుగారి టైమూ కలవవు, బస్సులో అంతసేపు అమ్మ కూర్చోలేదు, అద్దె కారుకి వెళ్లిన ప్రతిసారీ మూడు వేలు దాటుతోంది. అందుకే సొంతంగా ఒక పాత కారు తీసుకుందామని మా ఆవిడా నేనూ నిర్ణయించుకున్నాం. చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు. దానిమీద అప్పు చేయలేను.

విశాఖలో ఒక బండి చూశాను, ఫోటోల్లోనే, ఇంకా వెళ్లలేదు. 2012 స్విఫ్ట్ డీజిల్, ఏపీ 31 నంబరు, ఇద్దరు ఓనర్లు మారారు, మీటరు 1,38,000 చూపిస్తోంది, 2,30,000 అడుగుతున్నారు. పెయింట్ మెరిసిపోతోంది. అయితే మా స్టాఫ్‌రూములో తలో మాటా అంటున్నారు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు రద్దు చేసేశారని ఒకరు, పాత డీజిల్ రోడ్డు మీద ఆగిపోతే మన ఊళ్లో బాగుచేసేవాళ్లే ఉండరని ఇంకొకరు. ఆంధ్రా నంబరు బండి ఒడిశాలో తిప్పితే పోలీసులతో టెన్షన్ అని మరొకరు.

నాకు కారు షోకు కాదండీ. అమ్మ వెనక సీట్లో ఉండగా కొత్తూరు దాటాక ఎక్కడో చీకట్లో బండి ఆగిపోతే నేనేం చేయాలి అన్నదే నా భయం. ఇలాంటి పాత బళ్లు ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది, ఉన్నదున్నట్టు చెప్పండి.

రాయగడ_బట్టల_కొట్టు:

మాస్టారూ, నా దగ్గర 2013 డీజిల్ స్విఫ్టే ఉంది, ఏడేళ్లుగా. కొన్నప్పుడు 96 వేలు తిరిగింది, ఇప్పుడు 2,12,000. ప్రతి వారం రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా విజయనగరం, ఒక్కోసారి విశాఖ, వెనక సీటు మడిచి బట్టల మూటలు వేసుకుని తిరుగుతాను, కాబట్టి నా బండి సుఖపడిన బండి కాదు. అయినా ఈ ఏడేళ్లలో నన్ను రోడ్డు మీద వదిలేసింది రెండే సార్లు. ఒకసారి బ్యాటరీ. అది నాదే తప్పు, నాలుగేళ్లు దాటినా మార్చలేదు. ఇంకోసారి వర్షాకాలంలో డీజిల్లో నీళ్లు కలిసి పార్వతీపురం ముందు బండి గుంజుకుంటూ ఆగింది. ఫిల్టరు కింద నీళ్లు వదిలే బిరడా ఉంటుంది, అది తిప్పి వదిలితే గ్లాసుడు నీళ్లు వచ్చాయి. అప్పటినుంచి వానలు మొదలయ్యేముందు డీజిల్ ఫిల్టరు మార్చడం, రద్దీ ఉన్న బంకులోనే కొట్టించడం అలవాటు చేసుకున్నాను. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

బాగుచేసేవాళ్లు ఉండరన్న మాట ఈ బండి విషయంలో నిజం కాదు. ఆ 1.3 లీటర్ల ఇంజిను ఫియట్ వాళ్ల డిజైను, 1248 సీసీ. అదే ఇంజిను డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లో ఉంది, టాటా విస్టా, మాంజాల్లో ఉంది, ఫియట్ పుంటో, లీనియాల్లో ఉంది. 2020లో బీఎస్ 6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చేదాకా లక్షల్లో అమ్ముడుపోయింది కాబట్టి చిన్న ఊరి మెకానిక్‌కి కూడా దీనిమీద చేయి తిరిగి ఉంటుంది, స్పేర్లకి వెతుక్కోనక్కర్లేదు. టైమింగ్‌కి, అంటే ఇంజిను లోపలి వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పడానికి, బెల్టు కాదు, చైన్. అంటే ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి అన్న లెక్క లేదు గానీ, ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఇంజిన్ ఆయిల్ ప్రెషరే. పాత ఓనరు ఆయిల్ మార్చకుండా సాగదీసి ఉంటే చైన్ వదులవుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజిను స్టార్ట్ చేసినప్పుడు ముందు కొన్ని క్షణాలు గలగలా చప్పుడు వస్తే అదే. ఆ చప్పుడు వింటే ఇంకేమీ చూడకండి, వెనక్కి వచ్చేయండి, ఎందుకంటే ఆ పనికి సగం ఇంజిను విప్పాలి.

అందుకే అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే మొదట బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని నేననుకుంటాను. స్టార్ట్ చేశాక సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ కొంచెం వస్తే ఎయిర్ ఫిల్టరుతో పోవచ్చు, ఎక్కువగా వస్తే ఇంజెక్టర్లనో టర్బోనో చూడాలి. తెల్ల పొగ ఇంజిను వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే కూలెంట్, అంటే ఇంజినుని చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోందేమో అనుమానించాలి. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పించండి, లోపలినుంచి బుస్సుబుస్సుమని పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు.

నా ఖర్చులు కూడా రాస్తున్నాను. క్లచ్ సెట్టు 1,30,000 దగ్గర మార్చాను, లేబరుతో కలిపి పన్నెండు వేలు. ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్ములు, బుష్‌లు కలిపి ఒకసారి పద్దెనిమిది వేలు. మన రోడ్లకి అది తప్పదు. రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు ముందుజాగ్రత్తగా మార్పించాను. మొత్తమ్మీద టైర్లూ ఇన్సూరెన్సూ కాకుండా ఏడాదికి పదిహేను నుంచి ఇరవై వేలు పెడుతున్నాను. మీరు రెండున్నర లక్షలూ బండి మీదే పెట్టేస్తే కుదరదు మాస్టారూ. నలభై వేలు పక్కన ఉంచుకుని, మిగతా దాంట్లో దొరికే బండి చూడండి. మీటరు మాట నమ్మకండి. బ్రేక్ పెడల్ మీది రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఓనరు చేత కంపెనీ సర్వీస్ సెంటర్లో నంబరు చెప్పించి పాత బిల్లుల్లో కిలోమీటర్లు ఎంతున్నాయో అడిగించండి.

కోరాపుట్_నుంచి:

నాది చేదు అనుభవం, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. కారు పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కారుది కాదు. 2010 మోడల్ డీజిల్, ఐదేళ్ల క్రితం ఒక బ్రోకరు దగ్గర తీసుకున్నాను. ఊరిలో నెల రోజులు నడిపాను, ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్లి తిరిగి వస్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నాం. సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి వెళ్లిపోయింది. బండిలో మా ఆవిడ, ఎనిమిది నెలల పాప. ముందు లారీలు, వెనక లారీలు, ఆపుకోవడానికి చోటు లేక ఇంకో మలుపు లాగాను. ఆ ఒక్క మలుపే నా కొంప ముంచింది. ఇంజిను పైభాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. మూడు గంటలు ఘాట్ మీద పాపని ఎత్తుకుని నిలబడ్డాం.

మెకానిక్ రేడియేటర్ విప్పితే లోపల కూలెంట్ అన్నదే లేదు, తుప్పు నీళ్లు, ఇటుక రంగులో. ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోసి నడిపి, అమ్మేముందు రిజర్వ్ డబ్బాలో మాత్రం ఆకుపచ్చ కూలెంట్ పోశారు. నేను ఆ డబ్బా చూసి సంబరపడ్డాను. మాస్టారూ, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతే విప్పించి చూడండి, లేదా పైహోసు వదులు చేయించి చూడండి. డబ్బా చూసి నమ్మకండి. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు, ఆవిరి మొహం మీదికి కొడుతుంది. ఆ రిపేరుకి నాకు 46 వేలు అయింది.

ఇంకో మాట, బ్రేక్ ఆయిల్. దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చుకోవాలి. మీ దారి వంశధార పక్కన చదునుగానే ఉంటుంది కాబట్టి మీకు నాకున్నంత ప్రమాదం లేదు, కానీ ఎప్పుడైనా కొండ దిగితే రెండో గేరులో దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి.

పర్లాకిమిడి_బ్యాంకు_ఉద్యోగిని:

మాస్టారుగారూ, కాగితాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నేను ఆంధ్రా నంబరు కారు కొని ఒడిశా నంబరుకి మార్చుకున్నాను, ఆ తిరుగుడు అంతా నాకు తెలుసు.

ముందు పదేళ్ల డీజిల్ రద్దు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలకి సంబంధించిన గొడవ. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ అన్న గీత అక్కడిది. ఇక్కడ సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత బండి ఫిట్‌గా ఉందని చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. కానీ ఆ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకి 600 ఉన్నది 5,000 అయింది. మీరు చూస్తున్న 2012 బండికి 2027లో ఆ గడువు వచ్చేస్తుంది, ధర మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక నంబరు. మా ఊరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నమే, రోజూ అటు బళ్లు ఇటు, ఇటు బళ్లు అటు తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ ఆపరు. కానీ మీరు ఇక్కడే ఉంటూ బండి ఇక్కడే ఉంచుకుంటే చట్టం ప్రకారం పన్నెండు నెలల్లోపు ఒడిశాలో రిజిస్టర్ చేయించాలి. దానికి పాత ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి, అది 28వ నంబరు ఫారం. పేరు మార్పుకి 29, 30. లోన్ మీద కొన్న బండైతే లోన్ తీరినా సరే ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు కొట్టేయించాలి, దానికి 35వ ఫారం. ఇది లేకపోతే ఎన్ఓసీ దగ్గర ఇబ్బంది పడతారు. నేను ఇక్కడే ఇరుక్కున్నాను. పాత ఓనరు లోన్ కట్టేశానన్నాడు, నిజమే, కానీ ఫారం తీసుకోలేదు. ఆయన వేరే ఊరు వెళ్లిపోయాడు, ఒక్క సంతకం కోసం నాలుగు నెలలు తిరిగాను. ఒడిశాలో మళ్లీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన ట్యాక్స్ వెనక్కి అడగొచ్చు గానీ దానికి ఓపిక కావాలి. ఇవన్నీ కలిపి చూస్తే ఏపీ నంబరు బండి ఇరవై ముప్పై వేలు చవగ్గా కనిపించినా చివరికి చవక కాదు. వీలైతే మీ రాయగడ జిల్లా ఓడీ 18 నంబరే వెతకండి, లేదంటే మా ఓడీ 20, బరంపురం వైపు ఓడీ 07.

ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఛలాన్లు పరివాహన్ సైట్లో చూసుకోవచ్చు. డబ్బు ఇవ్వకముందే చూడండి.

బరంపురం_పాతకాపు:

విశాఖ బండి, 2012 మోడల్ అంటున్నారు కాబట్టి ఒక్క మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను అక్కడే ఉద్యోగంలో ఉన్నాను. చెట్లు విరిగిపడి నుజ్జయిన కార్లు, నీళ్లలో మునిగిన కార్లు వీధివీధినా చూశాను. వాటిలో చాలా బళ్లు బాగుచేయించుకుని మళ్లీ రోడ్డెక్కి ఉంటాయి. అద్దాల మూలల్లో తయారైన సంవత్సరం గుర్తు ఉంటుంది, అన్నీ ఒకే ఏడాదివి కాకపోతే ఎందుకు మార్చారో అడగండి. సీట్ బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. స్టెప్నీ తీసి దాని కింద, కార్పెట్ లేపి దాని కింద తుప్పు చూడండి. సముద్రం దగ్గర ఏళ్ల తరబడి ఉన్న బండికి అడుగుభాగం తినేస్తుంది, పైన ఎంత పెయింట్ వేసినా.

సిరొంచ_గోదావరి_గట్టు:

మేం మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లం, గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీ గుణుపురం పరిస్థితే మాదీ, జిల్లా కేంద్రం దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం, గోదావరి దాటితే కాళేశ్వరం, మంచి మెకానిక్ కావాలంటే మంచిర్యాల. అందుకే మా దగ్గర జనం బండి కొనేముందు అది ఎంత మైలేజీ ఇస్తుందని అడగరు, ఎవడు బాగుచేస్తాడని అడుగుతారు.

నా దగ్గర 2006 మారుతి 800 ఉంది. పెట్రోలు, 796 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో లేదు, ఏమీ లేదు. దీనికి టైమింగ్ బెల్టు ఉంటుంది, అది ఇప్పటికి మూడుసార్లు మార్పించాను, తెగేదాకా ఆగలేదు. పదిహేనేళ్లు నిండాక 2021లో రెన్యువల్ చేయించాను, మా దగ్గర పర్యావరణ పన్ను కూడా కట్టించుకున్నారు. మా నాన్నగారిని గుండె ఆపరేషన్‌కి ఈ బండిలోనే హైదరాబాద్ తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఇంతకన్నా దీని గురించి ఏం చెప్పను.

మాస్టారూ, మీకు డీజిల్ ఎందుకండీ? లెక్కల మాస్టారు కాబట్టి లెక్కే చెప్తాను. శ్రీకాకుళం రానూపోనూ సుమారు రెండు వందలు, నెలకి రెండుసార్లు, ఊళ్లో తిరుగుడుతో కలిపి నెలకి 650 కిలోమీటర్లు అనుకోండి. డీజిల్ లీటరుకి 18 ఇస్తే 36 లీటర్లు. పెట్రోలు 15 ఇస్తే 43 లీటర్లు. ఇప్పటి ధరల్లో తేడా నెలకి వెయ్యి రూపాయలు, ఏడాదికి పన్నెండు వేలు. డీజిల్ బండికి ఒక్కసారి ఇంజెక్టర్ల పనో టర్బో పనో వచ్చిందంటే రెండేళ్ల మిగులు ఒక్క పూటలో పోతుంది. రాయగడ అన్నయ్యకి డీజిల్ సరే, ఆయన వారం వారం తిరుగుతారు. మీకు చిన్న పెట్రోలు బండి చాలు.

ఒకటి మాత్రం నిజం, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. పాత పెట్రోల్ బళ్లు దానికోసం తయారైనవి కావు. మైలేజీ కొంచెం తగ్గుతుంది. పాతబడిన పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు ఉంటే కొన్నాక ఒకసారి మార్పించేయండి, పెద్ద ఖర్చేం కాదు. బండి నెలల తరబడి కదలకుండా నిండు ట్యాంకుతో వదిలేయకండి.

రాయగడ_బట్టల_కొట్టు:

సిరొంచ ఆయన లెక్క నాకూ సబబుగానే ఉంది. మాస్టారు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో నేను అడగకుండానే నా బండి గురించి చెప్పుకుపోయాను. నెలకి 650 అయితే నేనైనా పెట్రోలే తీసుకుంటాను. టైర్ల సంగతి రాయడం మర్చిపోయాను. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో ఇరవైమూడో వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో అమ్మగారిని తీసుకెళ్లొద్దు, వేసవిలో అవి పేలొచ్చు.

గుణుపురం_లెక్కల_మాస్టారు:

మూడు వారాలైంది, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మీరందరూ ఇంత వివరంగా రాశారు కాబట్టి జరిగింది కూడా వివరంగా చెప్పాలి.

విశాఖ వెళ్లాను, మా ఊరి మెకానిక్‌ని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లాను. స్టార్ట్ చేయొద్దని ముందురోజు రెండుసార్లు చెప్పాను, అయినా పొద్దున్న ఏడింటికి బానెట్ వేడిగా ఉంది. అయినా చూద్దామని చూశాం. ముందు అద్దం 2015ది, మిగతావి 2012వి. స్టెప్నీ కింద వేలు పెట్టి నొక్కితే రేకు పెచ్చులుగా ఊడింది. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది, ఫారం గురించి అడిగితే తర్వాత ఇస్తామన్నారు. పర్లాకిమిడి అమ్మా, మీరు రాసింది చదవకపోయి ఉంటే ఆ మాట నమ్మేసేవాడిని. అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాం.

తర్వాత రాయగడలో పేపర్ మిల్లులో రిటైరైన ఒకాయన బండి తెలిసింది. 2014 వ్యాగనార్, పెట్రోలు, ఓడీ 18, ఒక్కరే ఓనరు, 61 వేలు తిరిగింది. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉంచారు. మొదటి సర్వీసు నుంచి నిరుటి దాకా ఒక్కటీ తప్పలేదు, బిల్లుల్లో కిలోమీటర్లు మీటరుకి సరిపోయాయి. చల్లటి ఇంజిను మా ముందే స్టార్ట్ చేశారు. రేడియేటర్ మూత విప్పించాను, కూలెంట్ శుభ్రంగా ఉంది. బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది, మార్పించాలి. టైర్లు నాలుగూ 2017వి, గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి గానీ పక్కన సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఆయన 2,15,000 అన్నారు, టైర్ల సంగతి చూపిస్తే ఏమీ వాదించకుండా 1,95,000కి ఒప్పుకున్నారు. ఇది వెయ్యి సీసీ లోపే కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ట్యాక్స్ కాకుండా 2,094 దగ్గరే ఉంటుందని ఏజెంటు చెప్పాడు, ఆ 1248 సీసీ డీజిల్ స్విఫ్ట్‌కైతే 3,416 అట.

ఆయన అమ్మ గురించి అడిగారు. వెనక సీటు మీద వేసుకునే మెత్త ఒకటి వాళ్లావిడ వాడేదట, అది కూడా తీసుకెళ్లమన్నారు. గురువారం ఇద్దరం కలిసి ఆర్టీవో ఆఫీసుకి వెళ్తున్నాం. శుక్రవారం నాలుగు టైర్లూ, బ్రేక్ ఆయిలూ, పెట్రోల్ పైపులూ మార్పించి, శనివారం ఒక్కణ్ణే శ్రీకాకుళం దాకా వెళ్లి తిరిగి వస్తాను. అమ్మ అపాయింట్‌మెంట్ మంగళవారం.